పిల్లలు గీసిన ఊరి పటంలో ఒక పేట లేదు. ఏం చెయ్యను?

లంక టీచరు:
గోదావరి పాయ వైనతేయ ఒడ్డున లంక ఊళ్లో అయిదో తరగతికి చెప్తానండి. మొన్న శనివారం పదకొండు మందికీ తలో కాగితం ఇచ్చి, మన ఊరు గీయండర్రా అన్నాను. అందరూ బడి, రామాలయం, వాటర్ ట్యాంకు వేశారు. పుంత (బండ్ల బాట) దాటాక ఉన్న పేట మాత్రం ఒక్క కాగితంలోనే ఉంది. గీసింది ఆ పేట పిల్లే. మిగతా పదిమందీ పుంత దగ్గర ఆగిపోయి, అవతల కొబ్బరిచెట్లు వేసేశారు. రోజూ ఆ పిల్ల పక్కనే కూర్చుని అన్నం తినేవాళ్లు! నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందరిచేతా కలిపి ఒకే పటం వేయించాలని ఉంది. కొలతలు, దిక్కులు ఎలా నేర్పను? ఏరు ఒకరికి పైనుంది, ఒకరికి కిందుంది.

పాత సర్వేయరు:
మా రోజుల్లో 66 అడుగుల గొలుసు లాగేవాళ్లం. మీకు 20 మీటర్ల తాడు చాలు. నైలాను వద్దు, సాగుతుంది. ఆ తాడు పొడవుకి తనకెన్ని అంగలు పడతాయో ప్రతి పిల్లా లెక్కపెట్టుకుంటే, ఆపైన నడిచే కొలవొచ్చు. సెంటీమీటరుకి 20 మీటర్లు పెట్టండి, కిలోమీటరు 50 సెంటీమీటర్లలో పట్టేస్తుంది. దిక్కులకి నిటారుగా కర్ర పాతండి. మధ్యాహ్నం అన్నిటికంటే పొట్టి నీడ ఉత్తర దక్షిణాల గీత. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా జాగ్రత్త: మన కోనసీమలో అప్పుడు నడిమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా రోజుల్లో ఉత్తరానికే.

గట్టు పక్క అమ్మాయి:
టీచరుగారూ, మెరకా పల్లం కూడా వేయించండి. 1986 ఆగస్టు వరదకి నాకు తొమ్మిదేళ్లు. ఏ దిబ్బ ఎక్కాలో మా అమ్మమ్మకి తెలుసు కాబట్టి బతికాం. నీళ్లు ఎందాకా వచ్చాయో ముసలివాళ్లని అడగమనండి. ముందు ఆ పేటకే వెళ్లండి. పల్లంలో ఉన్నవాళ్లకే నీటి దారి బాగా తెలుస్తుంది.

లంక టీచరు:
ఇవాళ తాడు పట్టుకుని వెళ్లాం. బడి నుంచి పేటలో మొదటి ఇంటికి 260 మీటర్లు, చార్టు మీద 13 సెంటీమీటర్లు. "ఇంత దగ్గరా!" అన్నాడొకడు. ఆ పిల్ల తాతని గోడ మీద గుర్తు చూపించమన్నాం. "అప్పుడు గోడలెక్కడివి టీచరమ్మా, పాకలేగా" అంటూ పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, మొద్దు మీద చెయ్యి పెట్టాడు. మా క్లాసులో అందరికంటే పొడుగు పిల్లాడు మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాపినా అందలేదు. పటం మీద పేటకి ఏం పేరు రాయాలని పిల్లలు అడిగారు. ఊళ్లో పిలిచే పేరు రాయబుద్ధి కాలేదు నాకు. రేపు మళ్లీ వెళ్లి, అక్కడివాళ్లనే అడిగి రాస్తాం.