మధుమేహం ఉన్నవారి పాదంలో మానని పుండు: మూడోసారీ మాత్రలేనా?

అడిగినవారు:
మా నాన్నగారికి పదిహేనేళ్లుగా మధుమేహం ఉంది. కుడి బొటనవేలి కింద కాయ కాసిన చోట చర్మం చిట్లి, పుండు పడి నెల కావస్తోంది. ఇప్పటికి రెండు విడతలు యాంటీబయాటిక్ మాత్రలు వాడాము. వాడినన్నాళ్లూ ఎరుపు తగ్గుతుంది, ఆపిన వారానికి మళ్లీ మొదలవుతుంది. నిన్న మేజోడు విప్పితే తడి అంటుకుని ఉంది, వాసన కూడా వస్తోంది, వేలు మొత్తం ఉబ్బిపోయింది. ఆయన మాత్రం నొప్పి లేదు కదా, అదే మానుతుందని అంటున్నారు. మళ్లీ మాత్రలే వాడాలా, వైద్యులను ఇంకేమైనా అడగాలా?

అమ్మకు సేవ చేసిన సభ్యురాలు:
నొప్పి లేదన్న మాటే మా ఇంట్లో మమ్మల్ని మోసం చేసింది. మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోవడంతో, మా అమ్మ చెప్పులోంచి పొడుచుకొచ్చిన మేకుతోనే రోజంతా నడిచింది. పుండు ముదిరినా జ్వరం రాలేదు. చివరికి ఒక శస్త్రవైద్యుడు మొద్దు కొన ఉన్న సన్నని స్టీలు పుల్లను పుండులోకి పోనిస్తే, అడుగున రాయికి తగిలినట్టు గట్టిగా తగిలింది. అది ఎముక. ఆ సమయంలో అమ్మ నా వైపు తిరిగి మామూలుగా మాట్లాడుతూనే ఉంది. అంతకుముందు తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఎముకకు చీము పట్టినా ఆ మార్పు ఎక్స్‌రేలో తేలడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చని, అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. తీయించాలని అప్పుడే తెలిసింది. పైపైన దూదితో తీసిన చీములో చర్మం మీది క్రిములు కూడా కలుస్తాయి కాబట్టి, పుండును శుభ్రం చేశాక లోపలి కండ నుంచి, ఎముక నుంచి ముక్క తీసి, ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపారు. అందులో తేలిన క్రిమికి తగిన మందు ఆరు వారాలు వాడాక గానీ పుండు మానలేదు. మీ నాన్నగారి విషయంలో కూడా ఎముక సంగతి తప్పక అడగండి.

మరో సభ్యుడు:
రక్తప్రసరణ సంగతి కూడా అడగండి. మా అన్నయ్యకు మంచి మందే ఇచ్చినా వేలి కొస నల్లబడింది, ఎందుకంటే కాలి రక్తనాళం మూసుకుపోయి మందు అక్కడిదాకా చేరనే లేదు. చీలమండ దగ్గరా చేతి దగ్గరా రక్తపోటు కొలిచి పోల్చే పరీక్ష ఉంది. మధుమేహం ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఆ అంకె ఎక్కువగా చూపవచ్చు కనుక, కాలి వేలి దగ్గర కూడా కొలిచారు. నాళాన్ని తెరిచాకే పుండులో ఎర్రని కొత్త కండ పుట్టింది.

పుండ్లకు కట్లు కట్టే నర్సు:
ఉబ్బిన వేలు, వాసన, తిరగబెట్టిన ఎరుపు, ఇవన్నీ కలిసి ఉన్నప్పుడు ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చర్మం నల్లబడినా, నొక్కితే కింద చిటపటలాడినా, చలిజ్వరం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా గంటలు కూడా ఆగకూడదు. బయలుదేరే ముందు ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కన సమయం రాయండి.

నేను ఎక్కువగా చూసే పొరపాటు మరొకటి ఉంది. మందు సరైనదే, కట్టు శుభ్రంగానే ఉంటుంది, కానీ రోగి అదే పుండు మీద నడుస్తూ ఉంటారు. అరికాలి పుండు మీద బరువు పడకుండా మోకాలి కిందిదాకా పిండికట్టు లాంటి గట్టి కట్టో, బూటో వేస్తారు. సులువుగా విప్పగలిగే బూటు ఇస్తే, రాత్రి మరుగుదొడ్డికి నాలుగడుగులే కదా అని చాలామంది అది లేకుండానే లేస్తారు. విప్పలేని కట్టు మేలని చెప్పడానికి కారణం అదే. ఇక వేడినీళ్ల కాపడం వద్దు. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు.

అడిగినవారు:
మీరందరూ చెప్పాక నిన్న సాయంత్రమే చేర్పించాము. వేలి పక్కన కోసి చీము తీశారు, లోపలి కండను కల్చర్‌కు పంపారు, రక్తనాళం ద్వారా మందు ఎక్కిస్తున్నారు. పాదంలో నాడి బాగానే అందుతోందని చెప్పారు. ఎముక విషయం నేను అడిగాకే రేపటికి ఎం.ఆర్.ఐ. రాశారు. ఈ ఉదయం చూస్తే ఎరుపు నేను గీసిన గీతకు వేలెడు లోపలికి తగ్గి ఉంది.