రిపోర్టు పంపుతూనే ఉన్నా, "ముందుగా చెప్పలేదు" అంటున్నారు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. పోయిన నెల ఐదుగురున్న టీముకి నన్ను లీడ్‌ని చేశారు. పని తెలుసు, ఇంగ్లీషూ బానే వచ్చు. నిన్న మేనేజరు "ఏ సమస్యా నీ నుంచి ముందుగా తెలియడం లేదు" అన్నాడు. వారం వారం రిపోర్టు పంపుతూనే ఉన్నాను. తేడా ఎక్కడొస్తోందో ఎవరైనా చెప్పగలరా?

జవాబు:
తమ్ముడూ, నీ రిపోర్టు చూడకుండానే ఒక మాటంటాను, తప్పయితే కొట్టిపారెయ్. మూడో పేరాలో ఎక్కడో "చిన్న ఇష్యూ ఉంది, చూస్తున్నాం" అని ఉంటుంది. నేనూ అలాగే రాసేవాణ్ణి. వెండర్ నుంచి రావాల్సిన డేటా రెండు వారాలు ఆలస్యమైతే "కొంచెం డిలే ఉంది, ఫాలోఅప్ చేస్తున్నాం" అని ముగించాను. రిలీజ్ తప్పిపోయాక మా బాసు ఆ మెయిలే ప్రింట్ తీసి నా ముందు పెట్టి, "తేదీ మారుతుందని ఇందులో ఎక్కడుందో చూపించు" అన్నాడు. పై నుంచి కింది దాకా వెతికాను. లేదు. నా మనసులో ఉంది, మెయిల్లో లేదు.

1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 విమానం ఇంధనం అయిపోయి కూలింది. 73 మంది పోయారు. వాతావరణం బాలేక గంటకు పైగా గాల్లోనే తిప్పారు. కో-పైలట్ "ప్రయారిటీ కావాలి" అన్నాడు, "ఇంధనం అయిపోతోంది" అనీ అన్నాడు. కెప్టెన్ ఎమర్జెన్సీ అని చెప్పమన్నాక కూడా ఆ ఒక్క మాట కంట్రోలర్ దాకా వెళ్లలేదు. మన ఆఫీసుల్లో ప్రాణాలు పోవు గానీ, జరిగేది ఇదే. చెప్పామని మనం అనుకుంటాం, ఆపద అని అవతలివాళ్లకి వినపడదు.

కాబట్టి మొదటి లైనులోనే పెట్టు: ఏం మారింది, ఎంత మారింది, ఆయన ఏం చెయ్యాలి. "రిలీజ్ 14న కాదు, 28న. వెండర్ నుంచి టెస్ట్ సర్వర్ ఇంకా రాలేదు. శుక్రవారంలోగా మీరు వాళ్ల డైరెక్టరుతో మాట్లాడితే 21కి తేగలను." కథంతా కింద రాసుకో, కావాలంటే చదువుతాడు. రాసేటప్పుడు పొగరుగా ఉందేమో అనిపిస్తుంది. నాకు ఆర్నెల్లు అనిపించింది. చదివేవాడికి అలా ఉండదు. ఇంకోటి, బాసు "అవుతుందా?" అంటే మనం "ట్రై చేస్తాను" అంటాం చూడు, మన లెక్కలో అది సగం కాదనడం. ఆయన మాత్రం అవుతుందనే రాసుకుంటాడు.

ఇంకో జవాబు:
అన్నయ్యగారు చెప్పింది నిజమే, కానీ ఒక సవరణ. సూటిదనం విషయం మీద చూపించు బాబూ, మనిషి మీద కాదు. నేను కొత్తగా లీడ్ అయిన రోజుల్లో, బగ్ దొరికిందని చెప్పిన అమ్మాయిని అందరి ముందే "ఇన్నాళ్లూ ఏం చేశావ్?" అన్నాను. సూటిగా మాట్లాడుతున్నాననే అనుకున్నాను. ఆ తర్వాత నెలరోజులు ఆ పిల్ల నుంచి నాకొక్క సమస్యా రాలేదు. అన్నీ సర్దుకున్నాయని సంతోషించాను కూడా, నా తెలివి!

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో నర్సుల టీములను గమనిస్తే, బాగా నడిచే టీముల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, భయం లేక బయటికి చెప్పుకోవడం వల్ల అని ఆవిడ తేల్చారు. నీ ఐదుగురూ నీకు చెప్పకపోతే, నువ్వు మీ మేనేజరుకి ముందుగా చెప్పేదేముంటుంది?

"అర్థమైందా?" అని అడక్కు, అందరూ అయిందనే అంటారు. "ముందు ఏది మొదలుపెడుతున్నావ్, ఎక్కడ ఆగుతుందనిపిస్తోంది?" అని అడిగి, ఓ పది సెకన్లు నోరు కట్టేసుకో. ఆ పది సెకన్లే కష్టం.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, అక్కా, థాంక్సండీ. పోయిన వారం రిపోర్టు తీసి చూశాను. మూడో పేరా కాదు, నాలుగోది. "క్లయింట్ వైపు కొన్ని అప్రూవల్స్ పెండింగ్" అని రాశాను. ఆ సంతకం రాక పని ఆగిపోయి అప్పటికే తొమ్మిది రోజులు. ఇప్పుడే పైకి తెచ్చి పంపుతున్నాను.