అప్‌డేట్: బుల్లెట్‌కి సైడ్‌కార్ పెట్టించాను, అమ్మతో లేపాక్షి వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులతో అమ్మ బండి వెనక ఎక్కలేకపోతోంది, పాత బుల్లెట్‌కి సైడ్‌కార్ (బండికి ఎడమ పక్కన బిగించే, ఒక చక్రం ఉన్న సీటు) పెట్టించనా అని మార్చిలో అడిగాను కదా. పెట్టించేశాను! మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్‌టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో కూడా ఎక్కించాం.

మొదటి వారం చుక్కలు కనిపించాయి. ఈ బండి వంచితే తిరగదు, హ్యాండిల్‌ని రెండు చేతులతో తిప్పాల్సిందే. యాక్సిలరేటర్ ఇస్తే ఎడమకి లాగుతుంది, బ్రేక్ వేస్తే కుడికి. సైడ్‌కార్ ఖాళీగా ఉన్నప్పుడు ఎడమ మలుపు వేగంగా తిప్పితే పక్క చక్రం గాల్లోకి లేస్తుంది. మీలో ఒకరు చెప్పినట్టే బరువు కోసం అందులో ఇసుక బస్తా వేసుకుని, ఆదివారాలు తెల్లవారుజామున బెంగళూరు మారతహళ్లి వీధుల్లో నేర్చుకున్నాను. ఆ సలహాకి చాలా థాంక్స్. ఇప్పుడు సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టకుండా ఆగడం ఎంత హాయో!

మొన్న హెబ్బాళ దాటి, బాగేపల్లి మీదుగా లేపాక్షి వెళ్లాం. అమ్మ కొంగు నడుముకి దోపుకుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిక్కబళ్లాపుర దగ్గర పక్కకి చూస్తే హెల్మెట్ అద్దం పైకెత్తి, కళ్లు మూసుకుని, గాలికి మొహం పెట్టి నవ్వుతోంది. వచ్చే నెల పెనుకొండ వెళ్దామంటోంది.