ఒకే వ్యవసాయ విధానాన్ని రైతుకూ, వినియోగదారుకూ, అధికారికీ ఎలా వివరించాలి?

నమస్కారం. ఆహార, వ్యవసాయ విధానాలపై వివరణ పత్రాలు రాసే పనిలో ఉన్నాను. 1995 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం గురించి రాస్తూ చిక్కుబడ్డాను, అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను.

ప్రభుత్వాలు రైతులకిచ్చే సాయాన్ని, అది ఉత్పత్తినీ వాణిజ్యాన్నీ ఎంతగా ప్రభావితం చేస్తుందన్నదాన్ని బట్టి, ఈ ఒప్పందం అంబర్ (ఎక్కువగా ప్రభావితం చేసేది), బ్లూ (ఉత్పత్తిని పరిమితం చేసే షరతుతో ఇచ్చేది), గ్రీన్ (ప్రభావం దాదాపు లేనిది) బాక్సులుగా విభజిస్తుంది. అంబర్ బాక్సు సాయం ఉత్పత్తి విలువలో సంపన్న దేశాలకు 5 శాతం, చాలా వర్ధమాన దేశాలకు 10 శాతం మించకపోతే దాన్ని తగ్గించనక్కర్లేదు. మొదటి ప్రతిలో దాదాపు ఇలాగే రాశాను. అది చదివిన ఒక రైతు ‘ఉత్పత్తి విలువ’ అన్న మాట కింద పెన్సిలుతో గీత గీసి, ‘నా పంట విలువా, దేశం మొత్తానిదా?’ అని పక్కన రాసి పంపారు. చాలా న్యాయమైన ప్రశ్న. లెక్క దేశం మొత్తానిదని వివరిస్తూ తేలిక మాటల్లో తిరగరాస్తే, గ్రీన్ బాక్సు షరతులు జారిపోయాయని ఒక అధికారి అభ్యంతరం చెప్పారు. ఆయన మాటా నిజమే.

‘సబ్సిడీ’ అన్న మాట మరీ ఇబ్బంది పెడుతోంది. రైతుకది ఆసరాగా, పన్ను కట్టేవారికి ఖర్చుగా వినిపిస్తుంది.

ఇలాంటప్పుడు మీరు ఒక్కొక్క వర్గానికి వేరే పత్రం రాస్తారా, లేక ఒకే పత్రంలో ముందు సారాంశం, తర్వాత షరతులు ఇస్తారా? వేర్వేరుగా రాస్తే, ఒకరికి చెప్పింది మరొకరికి దాచినట్టు కాకుండా ఎలా చూసుకుంటారు?