నోటీసు ఫొటో పెడితే మా తమ్ముడు ఎలా చదవాలి?

ప్రశ్న:
మా తమ్ముడికి చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని కంప్యూటర్ బాగానే వాడతాడు, కానీ వాడి కాలేజీ వెబ్‌సైట్‌లో ఫీజు గడువు, పరీక్షల టైమ్ టేబుల్ అన్నీ స్కాన్ చేసిన ఫొటోలే, ఎన్‌వీడీఏ "గ్రాఫిక్" అని ఊరుకుంటుంది. ప్రతిసారీ నాకు ఫోన్ చేసి చదివించుకుంటాడు. కాలేజీ వాళ్లకి ఏమని చెప్పాలి?

జవాబు 1:
అక్కా, నేనూ స్క్రీన్ రీడరే వాడతాను. నోటీసుని యూనికోడ్ తెలుగులో (ఫోన్లలో, నెట్‌లో మామూలుగా వాడే తెలుగు) టైప్ చేసి పేజీలోనే పెట్టమనండి. అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది అలాగే అతికిస్తే మాత్రం కంటికి తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉండేవి వేరే అక్షరాలూ గుర్తులూ కాబట్టి మాకు అర్థంలేని చప్పుడే వినిపిస్తుంది.

జవాబు 2:
ఫొటో తప్పదంటే ఆల్ట్ టెక్స్ట్‌లో (స్క్రీన్ రీడర్ చదవడానికి ఫొటోకి జతచేసే వివరణ) విషయం మొత్తం రాయాలి, ఊరికే "నోటీసు" అని కాదు, తేదీతో సహా. ఫారంలో గడులకు లేబుల్స్ కూడా చూడమనండి. అవి లేకపోతే ఎక్కడ పేరు రాయాలో ఎక్కడ హాల్ టికెట్ నంబర్ రాయాలో తెలియదు.

జవాబు 3:
రాతపూర్వకంగా అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం, ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఆ పేజీ వాళ్లకే వినిపిస్తానంటున్నాడు.