హీటరు చల్లగాలి కొడుతోంది, కూలెంటు తగ్గుతోంది, కింద మాత్రం చుక్క పడడం లేదు

జయపురం నుండి ప్రశ్న:
మాది తొమ్మిదేళ్ల డీజిల్ కారు. పని మీద వారానికోసారి తెల్లవారుజామున బయలుదేరి, కోరాపుట్, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తుంటాను. ఈ డిసెంబరులో హీటరు వేస్తే, బండి నిలిపి ఉన్నప్పుడు చల్లగాలి, యాక్సిలరేటర్ తొక్కితే గోరువెచ్చని గాలి వస్తున్నాయి. ముందు అద్దానికి లోపలివైపు పట్టే మసక గుడ్డతో తుడిచినా పోక జిడ్డులా పరుచుకుంటోంది. కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం పది రోజుల్లో పై గీత నుండి కింది గీతకు వస్తోంది. ఎడమ సీటు ముందు కార్పెట్ తడిగా ఉంది. అది ఏసీ నీరేనని చెప్పి ఇక్కడి మెకానిక్ డబ్బాలో బోరు నీరు పోసి పంపించారు. నిజమేనంటారా?

రాయగడ నుండి జవాబు:
ఏసీ నీటికి రంగూ వాసనా ఉండవు. ఆ తడిని తెల్ల కాగితంతో అద్ది చూడండి. రంగు అంటి, వేళ్లకు జారుడుగా తగిలి, తియ్యటి వాసన వస్తే అది కూలెంటే. నాకు మాత్రం అద్దం మీది జిడ్డు చూడగానే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు లోపల ఉండే చిన్న రేడియేటర్; వేడి కూలెంటు దీని గొట్టాల్లో పారి హీటరు గాలిని వేడి చేస్తుంది) మీదే అనుమానం కలుగుతోంది. కూలెంటు తగ్గినకొద్దీ గాలి బుడగలు కోర్‌లో చేరతాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పంపు వాటిని నెట్టలేదు కనుక చల్లగాలి వస్తుంది. అంటే మీరు రెండనుకుంటున్న జబ్బులు ఒక్కటే కావచ్చు.

పర్లాకిమిడి నుండి జవాబు (ముప్పై ఏళ్లు షెడ్డు నడిపినవాణ్ణి):
పై మాటతో ఏకీభవిస్తున్నాను, కానీ ఊహ మీద డ్యాష్‌బోర్డు విప్పించవద్దు. ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంటు మూత తీసి, చేతి పంపుతో మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి (చాలా బండ్లకు 1.1 బార్) ఎక్కించి, కార్పెట్ ఎత్తి పదిహేను నిమిషాలు చూడాలి. పంపు మీటరు ముల్లు దిగి, లోపల ఎక్కడా చుక్క కనబడకపోతే అప్పుడు వాటర్ పంపునూ, హెడ్ గాస్కెట్‌నూ (ఇంజను పైభాగం అతుకు దగ్గరి సీలు) అనుమానించవచ్చు. మూతను కూడా పరీక్షించండి: దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో మామూలు నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గనుక, ఒత్తిడి నిలపని మూతతో ఘాట్ ఎక్కడం ప్రమాదం. బోరు నీటితో లోపల సున్నం పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు సగం సగం పోయించండి. లీకు మూసే పొడుల జోలికి మాత్రం పోకండి, కోర్‌లోని సన్న గొట్టాలే ముందు పూడుకుపోతాయి.

జయపురం నుండి:
కాగితానికి ఆకుపచ్చ అంటింది. ఈరోజు ఒత్తిడి ఎక్కిస్తే నాలుగు నిమిషాల్లోనే డ్యాష్‌బోర్డు కింద నుండి చుక్కలు రాలాయి. మా కుక్క ఆ కార్పెట్‌ను నాకడానికి వస్తుంటే తరిమేశాను.

రాయగడ నుండి:
మంచి పని చేశారు, కూలెంటులోని గ్లైకాల్ కుక్కలకు ప్రాణాంతకం. కార్పెట్ బయటికి తీసి కడిగించండి. కోర్ దొరికేలోగా బండి తప్పనిసరైతే, దానికి వెళ్లే రెండు గొట్టాలనూ ఇంజను వైపే కలిపించుకోవచ్చు. హీటరు ఉండదు, కూలెంటు నిలుస్తుంది.

జయపురం నుండి:
అలాగే కలిపించాను. సాలూరుకు స్వెట్టర్ వేసుకుని వెళ్తాను.