అంతరిక్షం నుంచి సోమశిల దాకా జూమ్: కుదుపు లేకుండా ఎట్టా తీయాలి?

పెన్నా_ఒడ్డు:
సోమశిల డ్యామ్ మీద వీడియో ఎడిట్ చేస్తున్నా. మొదట భూగోళం మొత్తం కనిపించి, అక్కణ్ణించి డ్యామ్ దాకా దిగే షాట్ కావాలి. గూగుల్ ఎర్త్ ప్రోలో ఊరి పేరు కొట్టి, దిగేటప్పుడు ఓబీఎస్ (తెరని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్)తో రికార్డు చేస్తే ఆగి ఆగి కదులుతోంది. బొమ్మ కూడా ముందు మసగ్గా ఉండి తర్వాత తేటపడుతోంది. రికార్డింగ్ 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు), ఎడిటింగ్ టైమ్‌లైన్ 25. ఏం చెయ్యాలన్నా?

కావలి_కట్స్:
ఇవి రెండు వేరు వేరు జబ్బులు తమ్ముడూ. మసక వచ్చేది నెట్ నుంచి బొమ్మ ముక్కలు దిగేలోపే కెమెరా ముందుకు పోతున్నందుకు. స్క్రీన్ రికార్డింగ్ దానికోసం ఆగదు. కుదుపు సగం నీ టైమ్‌లైన్‌ది: 60ని 25లో పడేస్తే ఒకసారి రెండు ఫ్రేములకి, ఇంకోసారి మూడు ఫ్రేములకి ఒకటి తీసుకుంటుంది. కదలిక సమంగా ఎట్టా ఉంటది?

ఈ షాట్‌కి రికార్డింగే వద్దు. క్రోమ్‌లో గూగుల్ ఎర్త్ స్టూడియో (బ్రౌజర్‌లోనే ఇట్లాంటి షాట్లు తయారుచేసే టూల్) తెరువు. అది ప్రతి ఫ్రేముకీ బొమ్మ పూర్తిగా దిగేదాకా ఆగి, జేపెగ్‌లుగా ఇస్తుంది. నెట్ నెమ్మదైతే రెండర్ (ఫ్రేములు తయారవడం) ఆలస్యమవుతుంది, అంతే. జూమ్-టు టెంప్లేట్ తీసుకుని సోమశిల పెట్టు, ప్రాజెక్టు 25 ఎఫ్‌పీఎస్, 12 సెకన్లు. 300 ఫ్రేములొస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లోకి తెచ్చేటప్పుడు మొదటి ఫ్రేము ఎంచుకుని 'ఇమేజ్ సీక్వెన్స్' టిక్ పెట్టు. క్లిప్ 12 సెకన్లకు బదులు 10 సెకన్లే చూపిస్తే దాన్ని 30గా చదువుతున్నట్టు. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో 25 చెయ్యి.

ఉదయగిరి_కొండ:
టెంప్లేట్ కాకుండా కీఫ్రేములు (ఏ ఫ్రేములో కెమెరా ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) సొంతంగా పెట్టేవాళ్లు ఎక్కువమంది తప్పేది ఎత్తు దగ్గరే. 20,000 కి.మీ. నుంచి 2 కి.మీ.కి రెండే కీఫ్రేములతో, తిన్నని గీతలా దించితే ఫ్రేముకి దాదాపు 67 కి.మీ. దిగుతుంది. పైన కదిలినట్టే ఉండదు, చివరి ఒక్క ఫ్రేములో 69 నుంచి 2కి పడిపోతుంది. నెల్లూరు జిల్లా కనిపించేది ఆ చివర్లోనే కాబట్టి చూసేవాడికి ఏమీ అందదు. మీటర్లు కాదు, శాతం సమంగా తగ్గాలి: ఫ్రేముకి సుమారు 3 శాతం. అందుకని 20,000, 2,000, 200, 20, 2 కి.మీ. అని అయిదు కీఫ్రేములు, 75 ఫ్రేములకి ఒకటి పెట్టు. గ్రాఫ్‌లో మధ్య కీల దగ్గర వంపు నునుపు చెయ్యి, లేకపోతే ప్రతి కీ దగ్గరా బ్రేకు వేసినట్టుంటుంది. అక్షాంశ రేఖాంశాలు 200 కి.మీ.కి రాకముందే డ్యామ్ మీద కుదురుకోవాలి. కింద పక్కకి జరిగితే కళ్లు తిరుగుతాయి.

2 కి.మీ. కన్నా కిందకి పోవద్దని నా మాట. డ్యామ్ గోడ మరీ దగ్గరికెళ్తే నేలకి అతికించిన ఫొటోలా ఉంటుంది.

పెన్నా_ఒడ్డు:
ఎర్త్ ప్రోలోనే చెయ్యాల్సి వస్తే?

కావలి_కట్స్:
టూర్ (కెమెరా పోయే దారి) రికార్డు చేసి సేవ్ చెయ్యి. ఒకసారి మొత్తం ప్లే చేస్తే బొమ్మ ముక్కలు క్యాష్‌లోకి (కంప్యూటర్‌లో తాత్కాలికంగా దాచుకునే చోటికి) చేరతాయి. తర్వాత టూల్స్‌లో మూవీ మేకర్ తెరిచి, సేవ్ చేసిన టూర్ ఎంచుకుని, 25 ఎఫ్‌పీఎస్ పెట్టు. ఇది తెరని రికార్డు చెయ్యదు, ఫ్రేము ఫ్రేముగా తయారుచేస్తుంది కాబట్టి లాప్‌టాప్ నెమ్మదైనా కుదుపు రాదు.

ఇంకొకటి. మూలన వచ్చే గూగుల్, బొమ్మలిచ్చిన సంస్థల పేర్లు తీసెయ్యకూడదు. షార్ట్స్‌కి నిలువుగా కత్తిరిస్తే అవి తెగిపోతాయి, కాబట్టి స్టూడియోలో ప్రాజెక్టునే 1080×1920 పెట్టి విడిగా రెండర్ చేసుకో.